పదమూడో క్లాసు

నేను అప్లై చేసింది ఏరోస్పేస్ ఇంజినీరింగ్‌కి. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చింది ఫౌండేషన్ ఇయర్‌లో సీటు. అంటే ఇంజినీరింగ్ కాలేజీ గుమ్మం బయట ఒక ఏడాది కూర్చోవడం. ఆ ఏడాదిలో కాల్‌క్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదవాలి. కాల్‌క్యులస్‌లోనూ ఫిజిక్స్‌లోనూ 'బి' గ్రేడుకు తగ్గకూడదు. ఏ కోర్సూ రెండోసారి తీసుకోవడానికి లేదు. అన్నీ కుదిరితే ఏరోస్పేస్‌లోకి తీసుకుంటారు. కుదరకపోతే అదే యూనివర్సిటీలో వేరే ఏదైనా చదువుకోవచ్చు.

మా క్లాసులు ఇంజినీరింగ్ భవనాలకు దూరంగా, పార్కింగ్ గరాజు వెనకున్న పాత ఇటుకల బిల్డింగులో జరిగేవి. మేం ఉండే హాస్టల్లో, అంటే డార్మ్‌లో, మిగతా పిల్లలు మమ్మల్ని 'థర్టీన్త్ గ్రేడ్' అనేవాళ్ళు. పన్నెండో క్లాసుతో స్కూలు అయిపోయినా ఇంకా స్కూల్లోనే ఉన్నవాళ్ళమని. నవ్వుతూ అనేవాళ్ళే, అందులో పెద్ద చెడ్డ ఉద్దేశం లేదు. నేను కూడా నవ్వేదాన్ని. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కాసేపు కొళాయి తిప్పి నిలబడేదాన్ని.

మేం హనుమకొండ నుంచి ఈ దేశానికి, ప్లేనో అనే ఊరికి వచ్చింది నా పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో. నాన్నకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మకూ నాకూ ఆయన వీసా మీద ఆధారపడి వచ్చే హెచ్‌ఫోర్ వీసా. ఇక్కడి స్కూల్లో నా మార్కుల కాగితాలు చూసి కౌన్సిలర్‌కి ఏమీ అర్థం కాలేదు. నేను ఎప్పుడో చేసేసిన ఆల్జీబ్రాలోనే మళ్ళీ కూర్చోబెట్టింది. ఇంగ్లీషు రాని పిల్లల క్లాసులో కూడా వేసింది. అందరూ కాల్‌క్యులస్ పూర్తి చేసి యూనివర్సిటీకి వెళ్తుంటే నేను దాని ముందు మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఎవరినీ అనడానికి లేదు. ఇక్కడ ఏ క్లాసు తర్వాత ఏది తీసుకోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగాలన్న సంగతి నాకూ తెలియదు.

ఏరోస్పేసే ఎందుకంటే, ఆ మొదటి నెలల్లో మాకు ఆదివారాలు వెళ్ళడానికి చోటు ఉండేది కాదు. నాన్న మమ్మల్ని ఎయిర్‌పోర్ట్ కంచె పక్కన కారు ఆపుకునే చోటుకి తీసుకెళ్ళేవాడు. విమానాలు మా నెత్తి మీంచే దిగేవి. దిగే ముందు రెక్క వెనకభాగం పలకలు పలకలుగా కిందికి సాగేది, ఆ పలకల సందుల్లోంచి ఆకాశం కనిపించేది. అంత బరువు మోసే రెక్కకు సందులు ఎందుకని అడిగాను. నాన్న డేటాబేసులు చూసుకునే మనిషి, ఆయనకు తెలియదు. అమ్మ మాత్రం, "గాలి పైనుంచి పోయేటప్పుడు…" అని మొదలుపెట్టి, సగంలో ఆగి, "ఇంటికి పోయి చూసి చెప్త" అంది. చెప్పలేదు. అమ్మ హనుమకొండలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఇక్కడ ఆమె వీసా మీద పని చేయకూడదు. ఇంటికి పోయాక వంట ఉంటుంది.

మొదటి సెమిస్టర్‌లో కాల్‌క్యులస్ నన్ను ముప్పుతిప్పలు పెట్టి 'బి' దాకా తెచ్చింది. పరీక్ష రోజుల్లో పొద్దున ఏమీ తినలేకపోయేదాన్ని. నా రూమ్మేట్ నా సంచిలో ఉప్పు బిస్కెట్లు వేసేది. ఆ అమ్మాయి జార్జియా రాష్ట్రంలోని అల్ఫారెట్టా నుంచి వచ్చింది, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. పన్నెండో క్లాసులో జబ్బుపడి చాలా రోజులు స్కూలు పోగొట్టుకుందట, అందుకే ఆమె కూడా ఫౌండేషన్ ఇయర్‌లోకి వచ్చింది. నాతో తెలుగు మాట్లాడాలని ఆమెకు సరదా.

"నువ్వు ఎందుకు అంత స్కేర్డ్?" అని అడిగేది. "మనం పాస్ అవ్వకపోతే, వేరే మేజర్ చేస్తాం. దట్స్ ఇట్. ఎవ్వరూ చచ్చిపోడు."

ఆమె చెప్పింది నిజమే, ఆమెకు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ కలిసి, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నారు. అమ్మ బగారా అన్నం చేసింది. నేను ప్లేటు పట్టుకుని నిలబడ్డానో లేదో, గుంటూరు అంకుల్ ఒకాయన వచ్చాడు. ఆయన అబ్బాయి అప్పటికే కంప్యూటర్ సైన్స్ పూర్తి చేశాడు.

"ఏమ్మా, ఏరోస్పేస్ అంట కదా. మీ అమ్మగారు చెప్పారు. ఈ సెమ్‌లో ఏమేం కోర్సులు తీసుకున్నావు? ఏరోడైనమిక్స్ మొదలుపెట్టారా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గిన్నె మూత పెడుతూ ఉంది, తలెత్తలేదు.

"ఇంకా లేదంకుల్. ఫస్ట్ ఇయర్ కదా, మ్యాథ్స్, కెమిస్ట్రీ."

"అవున్లే, బేసిక్స్ ముందు. మన పిల్లలకి మ్యాథ్స్ ఒక లెక్కా."

ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో నేను అమ్మను అడిగాను, ఫౌండేషన్ ఇయర్ అని ఎందుకు చెప్పలేదని.

"ఆ మాట చెప్తే ఏంటిదని అడుగుతరు. చెప్పాలంటే మొత్తం చెప్పాలె," అంది. తర్వాత ఇంటి తాళం తీస్తూ, "ఎట్లనో అయితది కద. అయినంక అడిగేటోళ్ళు ఉండరు" అంది.

అయితది అన్న మాట ఆమె ఎంత మామూలుగా అందో, దాని బరువు నా మీద అంతగా పడింది. అప్పటిదాకా నేను ఓడిపోతే నేనొక్కదాన్నే ఓడిపోతాననుకున్నాను. ఆ రోజు నుంచి ఆ పాట్‌లక్‌లో ఉన్న ఆంటీలూ అంకుళ్ళూ అందరూ నా వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉండేది.

జనవరిలో తిరిగి వెళ్ళేసరికి గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. రూమ్మేట్ సైకాలజీకి మారిపోయి, వేరే డార్మ్‌కి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం డైనింగ్ హాల్లో కలిసి నన్ను గట్టిగా పట్టుకుంది. "నేను చాలా హ్యాపీ ఇప్పుడు. నువ్వు కూడా రా," అంది. ఆమె ముఖంలో నిజంగానే వెలుగు ఉంది. నాకు అసూయ కలగలేదు. భయం వేసింది. అంత తేలిగ్గా దిగిపోవచ్చని తెలిసీ నేను దిగలేకపోతున్నానేమని.

ఆ సెమిస్టర్‌లో ఫిజిక్స్ మొదలైంది. నాకు తెలిసిన ఫిజిక్స్ సూత్రం రాసి, అంకెలు వేసి, జవాబు కింద గీత గీయడం. ఇక్కడ ప్రొఫెసర్ అంకెలే ఇచ్చేవాడు కాదు. తెర మీద ఒక బొమ్మ వేసి, "ఇప్పుడు ఏం జరుగుతుంది?" అని అడిగేవాడు. ప్రతి ఒక్కరి చేతిలో టీవీ రిమోట్‌లాంటి క్లిక్కర్ ఉండేది. అందరూ నొక్కాక ఏ జవాబుకు ఎంతమందో తెర మీద గీతలు లేచేవి. పొడుగు గీత సరైన జవాబు. నేనెప్పుడూ పొట్టి గీతలోనే ఉండేదాన్ని. ఎవరికీ తెలియదు నేను ఏది నొక్కానో. అయినా మెడ వెనక వేడిగా ఉండేది. కొన్నాళ్ళకు నొక్కడం మానేశాను. క్లిక్కర్ చేతిలోనే ఉంచుకుని బొటనవేలు దాని మీద ఆనించి కూర్చునేదాన్ని.

సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్‌టర్మ్ పరీక్షలో తిరిగే వస్తువుల మీద ప్రశ్నలు వచ్చాయి. చక్రాలు, గిలకలు, వాలు మీద దొర్లే డబ్బాలు. నేను పేపర్ నిండా రాశాను. రాసినదంతా తప్పని మార్కులు వచ్చినప్పుడు తెలిసింది. క్లాసులో బాగా కింద ఉన్నాను. సందేహాలు అడగడానికి ఇచ్చే ఆఫీస్ అవర్స్‌కి వెళ్తే, ప్రొఫెసర్ నా పేపర్ తిప్పి చూసి, మర్యాదగానే అడిగాడు.

"ఈ సూత్రం ఇక్కడ ఎందుకు వాడావు?"

"తెలియదు."

"ఈ డబ్బా ఎటు దొర్లుతుందని నీకు అనిపిస్తోంది? సూత్రం వదిలెయ్. నీకేమనిపిస్తోంది?"

నాకేమీ అనిపించలేదు. అదే చెప్పాను. ఆయన పేపర్ నాకు తిరిగి ఇచ్చాడు. "ఇంజినీరింగ్‌లో అది లేకుండా కష్టం," అన్నాడు.

బయటికొచ్చి నేరుగా పార్కింగ్ గరాజు పై అంతస్తుకు వెళ్ళాను. అక్కడ కార్లు తక్కువ, గాలి ఎక్కువ. నేను ఏడవడానికి వెళ్ళే చోటు అది. ఆ మధ్యాహ్నం గోడ పట్టుకుని కిందికి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎంతసేపు అలా చూస్తున్నానో తెలిసిన తర్వాత నా మీద నాకే భయం వేసి, గోడకు దూరంగా జరిగి, నేల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. వెనక కుక్కర్ విజిల్ వినిపించింది.

"అమ్మా, నేను ఇంటికొస్త."

"సెలవులిచ్చిన్రా?"

"కాదు. మానేస్త. నాతోని అయితలేదు."

గ్యాస్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఏమన్న తిన్నవా?"

"అమ్మా, నేను చెప్పేది వింటున్నవా?"

"వింటున్న బిడ్డా. ఎక్కడున్నవ్ ఇప్పుడు?"

"గరాజు మీద."

"కిందికి దిగు. దిగినంక నాకు చెప్పు. నేను ఫోన్ పట్టుకునే ఉంట."

నేను మెట్లు దిగేదాకా ఆమె పట్టుకునే ఉంది. కింద గడ్డిలో కూర్చున్నానని చెప్పాక, "రూంకి పోయి పండుకో," అని పెట్టేసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడైతే తీశాను. అమ్మ. చుడీదార్ మీద నాన్న జాకెట్, కాళ్ళకు స్పోర్ట్స్ షూస్, చేతిలో అన్నం డబ్బా ఉన్న సంచి.

ఇందులో వింతేముందని ఇప్పుడు అనిపించవచ్చు. మా అమ్మ అప్పటికి డ్రైవింగ్ నేర్చుకుని ఎన్నాళ్ళో కాలేదు. ఇండియన్ స్టోర్‌కి, గుడికి, లైబ్రరీకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. ఫ్రీవే ఎక్కాల్సి వస్తే పక్కకు ఆపి నాన్నకు తాళాలు ఇచ్చేసేది. అలాంటిది పొద్దున బయల్దేరి ఊళ్ళు దాటుకుంటూ, లారీల మధ్యలోంచి ఒక్కతే వచ్చింది.

"డాడీకి చెప్పినవా?"

"ఆఫీస్‌కి పోయినంక మెసేజ్ పెట్టిన." మంచం మీద కూర్చుని తన చేతులు చూసుకుంది. వేళ్ళు ఇంకా స్టీరింగ్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. "జర నీళ్ళియ్యి."

అన్నం తిన్నాక, "పుస్తకం తీయి," అంది. ఇద్దరం స్టూడెంట్ సెంటర్‌కి వెళ్ళి కిటికీ పక్కన టేబుల్ దగ్గర కూర్చున్నాం. మిడ్‌టర్మ్‌లో నాకు సున్నా వచ్చిన ప్రశ్న ముందు పెట్టాను. నేల మీద ఒక దారం రీలు ఉంది, దారం అడుగు నుంచి బయటికి వచ్చింది, దాన్ని లాగితే రీలు ఎటు దొర్లుతుంది?

అమ్మ ప్రశ్న పెదవులు కదుపుతూ చదివింది. కాగితం తీసుకుని బొమ్మ గీసింది. బలాలకు బాణాలు వేసింది. ఒక సమీకరణం మొదలుపెట్టి ఆగింది. కొట్టేసి మళ్ళీ రాసింది. మళ్ళీ ఆగింది. నేను ఆమె పెన్ను వైపే చూస్తున్నాను. పెన్ను కదలలేదు.

"యాదికొస్తలేదు," అంది.

"పర్లేదమ్మా."

"ఇది నేను పిల్లలకు చెప్పిన. బోర్డు మీద బొమ్మ ఏసి చెప్పిన. ఏడాదికొకసారి చెప్పిన." పెన్ను కింద పెట్టింది. "ఇప్పుడు నాకే తెలుస్తలేదు."

ఆమె ఏడవలేదు. ఎవరో ఇంట్లో సామాను ఎత్తుకెళ్తే, ఏమేం పోయిందో చూసుకుంటున్న మనిషిలా కూర్చుంది. ఆమె తలుపు కొట్టినప్పటినుంచి నాకున్న ఒకే ఒక్క ధైర్యం అమ్మకు ఇది వచ్చు అన్నదే. అదీ పోయింది. కిటికీ బయట పిల్లలు గడ్డిలో ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటున్నారు.

కాసేపయ్యాక అమ్మ లేచి కారు దగ్గరికి వెళ్ళొచ్చింది. చేతిలో కుట్టుడబ్బా ఉంది. నా కోటు గుండీలు ఊడిపోయాయని చలికాలంలో చెప్పాను, అవి కుడదామని తెచ్చిందట. అందులోంచి నల్లదారం రీలు తీసి టేబుల్ మీద పెట్టి, దారం కొస అడుగు నుంచి బయటికి తీసింది.

"చెప్పు, గుంజితే ఎటు పోతది?"

"వెనక్కి. దారం ఊడుతది కద."

"నేనూ అదే అనుకుంటున్న."

గుంజింది. టేబుల్ నున్నగా ఉండడంతో రీలు జారింది. అమ్మ చున్నీ తీసి టేబుల్ మీద పరిచి, దాని మీద రీలు పెట్టి మళ్ళీ నెమ్మదిగా గుంజింది. రీలు మా వైపే దొర్లుకుంటూ వచ్చింది. దారం ఊడలేదు, చుట్టుకుంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అమ్మ మళ్ళీ చేసింది. మళ్ళీ మా వైపే. ఈసారి దారాన్ని కొంచెం పైకెత్తి గుంజింది. ఇంకా పైకెత్తింది. ఒకచోట రీలు దొర్లడం మానేసి, అలాగే ఈడ్చుకుంటూ వచ్చింది. ఇంకా పైకెత్తితే అప్పుడు వెనక్కి పోయింది. పక్క టేబుల్ అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసి చూస్తున్నాడు.

"ఎందుకు?" అంది అమ్మ. అది నన్ను అడిగిందో తనను తానే ప్రశ్నించుకుందో తెలియదు.

నేను దారం ఎత్తి పట్టుకుని, అది ఏ గీతలో పోతోందో కన్ను ఆనించి చూశాను. రీలు దొర్లకుండా ఆగిన చోట, దారం గీతను కిందికి పొడిగిస్తే అది సరిగ్గా రీలు చున్నీని తాకేచోటుకే పోతోంది. "ఇక్కడినుంచి చూడాలె. నేలను తాకే చోటునుంచి. దారం ఆ చోటు మీదికే పోతే తిప్పడానికి బలం లేదు. అటు ఉంటే అటు, ఇటు ఉంటే ఇటు."

అమ్మ కాగితం నా వైపు జరిపింది. "రాయి."

రాశాను. ఆ ఏడాదిలో ఒక సమీకరణం నేను చూసినదాన్నుంచి పుట్టడం అదే మొదటిసారి.

అమ్మ రావడంతో అంతా మారిపోయి ఉంటే బాగుండేది. మారలేదు. కొన్ని శనివారాలు ఆమె అలాగే వచ్చింది, పాఠం వెంట పాఠం ఇద్దరం మొదటినుంచి చదివాం. నేను క్లాసులో మళ్ళీ క్లిక్కర్ నొక్కడం మొదలుపెట్టాను. కానీ మిడ్‌టర్మ్ గుంత లోతుగా ఉంది, రోజులు తక్కువ. కాల్‌క్యులస్ రెండో భాగంలోనూ 'బి' వచ్చింది. ఫిజిక్స్‌లో 'సి ప్లస్'. రూలు ప్రకారం అక్కడితో అయిపోయినట్టే.

ఫౌండేషన్ ఇయర్ అడ్వైజర్ నన్ను రమ్మంది. తెల్లజుట్టు కత్తిరించుకున్న పెద్దావిడ. టేబుల్ మీద టిష్యూ డబ్బా నా వైపే పెట్టి ఉంది. అందరూ ఏడుస్తారు కాబోలు.

"సివిల్‌లో సీట్లు ఉన్నాయి," అంది. "మ్యాథ్స్‌లోకి కూడా వెళ్ళొచ్చు. నీ గ్రేడులు సరిపోతాయి."

"నేను ఫిజిక్స్ మళ్ళీ రాస్తాను."

"రూలు నీకు తెలుసు కదా."

"తెలుసు."

ఆవిడ కంప్యూటర్ వైపు చూసి, "నీకు గ్రీన్ కార్డ్ ఉందా?" అని అడిగింది.

"లేదు. హెచ్‌ఫోర్."

"ఈ ఫీల్డ్‌లో చాలా ఉద్యోగాలు, ఇంటర్న్‌షిప్‌లు కూడా, సిటిజన్లకూ గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకే ఇస్తారు. డిఫెన్స్ పనులు ఉంటాయి కాబట్టి. ఇది నీకు ఎవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పింది నిజమే. తర్వాతి ఏళ్ళలో కంపెనీలు వచ్చి మనుషుల్ని వెతుక్కునే కెరీర్ ఫెయిర్‌లో నేను బూత్ దగ్గరికి వెళ్ళడం, వాళ్ళు నవ్వుతూ మాట్లాడి, సిటిజనేనా అని అడిగి, నా రెజ్యూమే నాకే తిరిగి ఇవ్వడం ఎన్నిసార్లు జరిగిందో. కానీ ఆ గదిలో ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, కింద నేల లేనట్టయింది. ఏడాదంతా నేను బాదుతున్న తలుపు వెనక గది కూడా ఖాళీనే అన్నమాట.

"ఇప్పుడు చెప్పు," అంది ఆవిడ. "ఇంకా అదే కావాలా? ఎందుకు?"

బస్‌లో వస్తూ మంచి వాక్యాలు తయారుచేసుకున్నాను. ఒక్కటీ రాలేదు.

"వేరేదాంట్లో వేస్తే నేను చదవలేను."

"చదవలేవా, చదవవా?"

"తెలియదు."

"అది పెద్ద కారణం కాదు."

"నా దగ్గర వేరే కారణం లేదు," అన్నాను. అప్పుడు టిష్యూ తీసుకున్నాను.

ఆవిడ కంప్యూటర్‌లో ఏదో వెతికింది. చివరికి, సమ్మర్‌లో ఇక్కడే ఫిజిక్స్ క్లాసు ఉంటుందని, డిపార్ట్‌మెంట్ హెడ్ ఒప్పుకుంటే ఒక్కసారికి రూలు సడలించవచ్చని, కానీ మాట ఇవ్వలేనని చెప్పింది. ఆ జవాబు వచ్చేదాకా ప్లేనోలో మా ఇంట్లో నేను ఈమెయిల్ చూసుకోవడం, అమ్మ నన్ను చూడనట్టే చూడడం, ఇదే పని. జవాబు ఒక్క వాక్యంలో వచ్చింది. సరేనన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు.

సమ్మర్ క్లాసంటే సెమిస్టర్ మొత్తాన్ని కొద్ది వారాల్లో కుక్కేస్తారు. ఇంటికి వెళ్ళిపోయిన ఒక స్టూడెంట్ అపార్ట్‌మెంట్ దొరికితే అమ్మ నాతో ఉండడానికి వచ్చేసింది. ఎండ మండిపోయేది. నేను క్లాసుకు వెళ్తే ఆమె నా పాత నోట్సు చదివేది. వచ్చాక నేనేం విన్నానో ఆమెకు చెప్పాలి. ఆమె ఆపి ఆపి అడిగేది. కొన్ని ఆమెకు మళ్ళీ గుర్తొచ్చాయి, కొన్ని రాలేదు. రానివి నేను చెప్తుంటే, ముందు వరసలో కూర్చున్న పిల్లలా వినేది.

ఆ వారాల మధ్యలోనే ఒక సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. అమ్మ స్పీకర్ మీద పెట్టింది.

"ఏం లేదు, క్లయింట్ ప్రాజెక్ట్ బంద్ చేసిన్రు. నేను వెతుకుతున్న. పరేషాన్ కాకున్రి," అన్నాడు. గొంతు తేలిగ్గా పెట్టాలని చూశాడు కానీ కుదరలేదు. అంటే ఉద్యోగం పోయింది, ఉద్యోగం లేకపోతే ఆయన వీసా లేదు. ఆయన వీసా లేకపోతే మా ఇద్దరిదీ లేదు.

అమ్మ పెట్టేశాక అడిగాను. "దొరక్కపోతే?"

"పోవాల్సొస్తది."

"నేను?"

"నువ్వు ఒక్కదానివి ఉండాలంటే వేరే వీసా కావాలె. దానికి కూడ టైం పడతది."

"మరి నేను ఈ పరీక్ష ఎందుకు రాయాలె?"

అమ్మ స్టవ్ వైపు తిరిగింది. "ఎందుకో నాకు తెల్వదు. రేపు క్లాస్ ఉన్నది కద. పో."

ఆ తర్వాతి రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. అమ్మ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ చుట్టూ ఫోన్ చెవికి ఆనించుకుని తిరగడం, నేను కిటికీలోంచి ఆమె ముఖం చదవాలని చూడడం. నాన్న ఇంటర్వ్యూల సంగతి అడగకూడదని మాకు మేమే ఒప్పందం చేసుకున్నాం. నేను లెక్కలు చేస్తూనే ఉన్నాను. మేం వెళ్ళిపోతే ఈ లెక్కలు ఎవరికీ అక్కర్లేదని తెలుసు, అయినా చేయి ఆగేది కాదు. చేయి ఆగితే ఏం చేయాలో తెలియదు.

ఫైనల్ పరీక్ష రాసి వచ్చిన కొద్దిరోజులకు గ్రేడు వచ్చింది. లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. 'బి'. పేజీ మూసి, మళ్ళీ తెరిచాను. అలాగే ఉంది. పరిగెత్తలేదు, ఎండలో నడుచుకుంటూ వెళ్ళాను. అమ్మ లాండ్రీ గదిలో డ్రయ్యర్‌లోంచి బట్టలు తీస్తోంది.

"వచ్చింది. బి."

"బి ఆ?" అంది, దుప్పటి మడతపెడుతూ. "చివరి పరీక్ష మంచిగ రాసిన అన్నవ్. ఏ రాదా?"

అదే లెక్చరర్ గొంతు. నేను నవ్వాను. ఆమె దుప్పటి ఇంకో మడత పెట్టి, అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆ దుప్పటిలో ముఖం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను ఆమె పక్కన నిలబడ్డాను. వేరేవాళ్ళ బట్టలు మెషిన్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

నాన్నకు ఉద్యోగం న్యూజెర్సీలో దొరికింది, పిస్కాటవేలో. వెంటనే చేరాలన్నారు. ప్లేనోలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, మంచాలూ సోఫా ఎవరికో ఇచ్చేసి, మిగిలింది కారులో సర్దుకున్నారు. నన్ను డార్మ్‌లో దింపినప్పుడు నాన్న నా తల మీద చేయి పెట్టి, "ఇగ మంచిగ పండుకో కొన్ని రోజులు," అన్నాడు. ఆయనే నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. అమ్మ, నా కోటు గుండీలు కుట్టి బీరువాలో తగిలించానని చెప్పింది. శనివారాలు రావడానికి ఇక దారి లేదు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

వాళ్ళు రోడ్డు మీద ఉన్నప్పుడే నా మొదటి ఏరోస్పేస్ క్లాసు జరిగింది. ఇంజినీరింగ్ భవనంలో, ఏసీ చలిలో, వెనక వరసలో కూర్చున్నాను. సంతోషంగా ఉంటుందని అనుకున్నాను. అలా ఏం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు రాకెట్ క్లబ్బుల గురించి, చిన్నప్పుడు వాళ్ళు చేసిన మోడల్ విమానాల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను ఏడాది ఆలస్యంగా, ఒంట్లో ఓపిక అంతా అయిపోయాక అక్కడికి చేరాను. ప్రొఫెసర్ బోర్డు నింపడం మొదలుపెట్టాడు. సంచిలో చేయి పెట్టి బిస్కెట్ కోసం వెతికాను. లేదు. పెన్ను తీసి, ఆయన రాసింది రాసినట్టు దించుకున్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే అమ్మ ఫోన్ వచ్చింది. హైవే పక్కన ఏదో రెస్ట్ ఏరియాలో ఆగారట, టెన్నెసీ అని బోర్డు ఉందట.

"క్లాస్‌కి పోయినవా?"

"పోయిన."

"ఎట్లున్నది?"

"సగం అర్థం కాలేదు."

"మిగతా సగం?"

"అది అయింది."

"సరే. ఆ కానిది ఏంటిదో రాసిపెట్టుకో. ఆదివారం ఫోన్‌ల చెప్పు, నేను కూడ చూస్త." వెనక వాన చప్పుడు వినిపిస్తోంది, నాన్న ఏదో పిలుస్తున్నాడు. "వాన పెరుగుతున్నదట, బయల్దేరాలె. పెట్టేస్తున్న బిడ్డా."

ఫోన్ సంచిలో వేసుకున్నాను. తర్వాతి క్లాసు ఏ గదిలోనో నాకు తెలియదు. లేచి, కారిడార్‌లో తలుపుల మీద నంబర్లు చూసుకుంటూ నడిచాను.